బాంజ్ చెట్టు కింద మూడు పేజీలు

ట్రంకు మూత తెరవగానే ముందు వాసన వచ్చింది.

పొగ వాసన. తడి ఉన్ని వాసన. వాటి అడుగున ఇంకొకటి... చెట్టు బెరడు గీరితే వచ్చే జిగురు వాసన.

ఆ తర్వాత సూదులు రాలాయి.

ఎండిన పైన్ సూదులు. జానెడు పొడవు. ఒక్కో కాడకు మూడేసి. స్వెట్టరు దులిపితే రాలాయి. మేజోళ్ళు తిరగేస్తే రాలాయి. లెక్కల నోటుబుక్కులోంచి కూడా రాలాయి.

మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. డిసెంబరు నెల. గచ్చు మీద అడవి.

"ఇన్ని సూదులేంటే?" అంది జ్ఞానకుమారి చీపురు అందుకుంటూ.

"సూదులు కాదు మమ్మీ. పిరూల్. ఉధర్ సబ్ యహీ బోల్తే హైఁ."

జెనీఫర్‌కు పన్నెండేళ్ళు నిండాయి. కొండల్లోని బడికి వెళ్ళి తొమ్మిది నెలలు. వెళ్ళేటప్పుడు ట్రంకును తండ్రి మోశాడు. వచ్చేటప్పుడు తనే మూడంతస్తులూ మోసుకొచ్చింది.

జ్ఞానకుమారి ఊడ్చింది. ఎత్తింది. పారేసింది.

అయినా దొరుకుతూనే ఉన్నాయి. దుప్పటి మడతలో ఒకటి. బియ్యం డబ్బాలో ఒకటి. ఓ రోజు వార్డులో పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే — పెన్నుతో పాటు పిరూల్ వచ్చింది.

దాన్ని పారెయ్యలేదు. మళ్ళీ జేబులోనే పెట్టుకుంది.

*

ఆమె నర్సు. పని నేర్చుకున్నది నరసాపురంలో. పదకొండేళ్ళుగా చేస్తున్నది ఢిల్లీలో, యమునకు ఇవతల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో.

నేర్పిన మేట్రన్ సీతారత్నం గారు ఒక్క మాటే పదే పదే చెప్పేవారు.

"రాయనిది జరగనట్టే, అమ్మాయిలూ."

బీపీ చూశావా? రాయి. మందిచ్చావా? రాయి. రోగి ఏడ్చాడా? అదీ రాయి. రాయకపోతే నువ్వు చూడలేదు, ఇవ్వలేదు, అతను ఏడవలేదు.

జ్ఞానకుమారి అన్నీ రాసేది. టైముతో సహా రాసేది. ఆమె చార్టు చూసి డాక్టర్లు మళ్ళీ ప్రశ్న వేసేవారు కారు.

ఆమె రాయనిది ఒక్కటే ఉంది.

జెనీఫర్‌కు మొదటిసారి ఫిట్స్ వచ్చింది ఏడో ఏట. సెలవులకు నరసాపురం వెళ్ళినప్పుడు. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చి పిల్ల గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టారు.

రెండోసారి తొమ్మిదో ఏట. ఢిల్లీలో, బళ్ళో, పొద్దుటి ప్రార్థన వేళ. ఇక్కడ తాళంచెవులు కాదు. ఎవరో పెద్ద క్లాసు పిల్లాడి బూటు విప్పించి ముక్కు దగ్గర పెట్టారు.

ఊరు మారితే పెట్టేది మారుతుంది. అంతే.

రెండు నిమిషాల్లో పిల్ల కళ్ళు తెరిచింది. కళ్ళ ముందు బూటు. బూటు వెనక నాలుగు వందల మంది.

ఆ రోజు నుంచి ఆ బళ్ళో ఆమె పేరు జూతా. అంటే బూటు.

జూతా ఆ గయీ. జూతా కో బులావ్. జూతా కే సాథ్ మత్ బైఠ్, దాని పక్కన కూర్చోకు.

రెండేళ్ళు మాత్రలు వేశారు. ఫిట్స్ మళ్ళీ రాలేదు. డాక్టరు మెల్లగా తగ్గిస్తూ మందు ఆపేశాడు. పిల్ల మాత్రం లేసులున్న బూటు తొడగడం మానేసింది. చలికాలంలో కూడా చెప్పులే. ఎందుకని తల్లి అడగలేదు. పిల్ల చెప్పలేదు.

ఇంట్లో అందరికీ తెలిసిన విషయాన్ని అడగనక్కర లేదు. అడగనక్కర లేదు కాబట్టి అది అలాగే ఉండిపోయింది.

*

కొండల్లో ఒక బడి ఉందని చర్చిలో చెప్పారు. బస్సులో తొమ్మిది గంటల దూరం. చుట్టూ అడవి. అక్కడ పాఠాలు సగం గదిలో, సగం బయట. వాలు కొలిచి కోణాలు నేర్చుకుంటారు. తాడు పట్టుకుని వాగు దాటుతారు. నెలకు మూడు రోజులు గుడారం వీపున వేసుకుని నడుస్తారు.

ఫారం వచ్చింది. ఆరోగ్యం గురించి పద్నాలుగు ప్రశ్నలు.

ఏడో ప్రశ్న — ఫిట్స్ ఎప్పుడైనా వచ్చాయా?

రెండు గడులు. అవును. లేదు.

అవునంటే తీసుకుంటారో లేదో తెలియదు. ఫోన్ చేసి కనుక్కోవచ్చు. కానీ అడగడమంటే చెప్పడమే.

'లేదు' గడిలో టిక్కు పెట్టింది. వార్డులో వాడే నీలం పెన్నుతోనే.

రాయనిది జరగనట్టే.

మేట్రన్ గారు ఆ మాట చెప్పింది ఇందుకు కాదు. జ్ఞానకుమారికి తెలుసు. తెలిసీ, ఆ మాటనే తోడు తెచ్చుకుంది.

ఆనంద్ విహార్ బస్టాండులో బడి బస్సు ఎక్కించే ముందు పిల్ల చెవి దగ్గరికి వంగి చెప్పింది.

"ఫిట్స్ సంగతి అక్కడ ఎవ్వరికీ చెప్పకు. సరేనా?"

జెనీఫర్ తలూపింది.

అబద్ధం తల్లిది. కాపలా పిల్లది.

అప్పుడు ఆమెకు అలా తోచలేదు. బస్సు కదిలింది. ఆమె టైము చూసుకుని డ్యూటీకి వెళ్ళింది.

*

ఆ డిసెంబరు సెలవుల్లో జ్ఞానకుమారి ఒకటి గమనించింది.

గుమ్మం పక్కన బూట్లు.

కొండ బూట్లు. బరువైనవి. పిల్ల వాటిని రోజూ తుడిచేది. లేసులు విప్పి, ఆరబెట్టి, మళ్ళీ ఎక్కించేది. రెండు బూట్లనూ జంటగా గోడకు ఆనించి పెట్టేది.

ఈల వేసుకుంటూ చేసేది ఆ పని.

జ్ఞానకుమారి వంటగదిలోంచి చూసేది. పప్పు పొంగినా చూస్తూ ఉండేది.

ఆ బూట్ల కోసం ఆమె ఇంకో పద్నాలుగు ప్రశ్నలకైనా అబద్ధం రాసేది.

*

మార్చిలో బడి తెరిచారు. ట్రంకు వెళ్ళిపోయింది. ఇంట్లో పిరూల్ దొరకడం తగ్గింది.

ఏప్రిల్లో కవరు వచ్చింది.

ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ఆనవాయితీ. దాన్ని సోలో అంటారు. కొండల్లో ఎర్రటి బురాంశ్ పూలు రాలే రోజుల్లో, ఒక శనివారం, ఒక్కొక్కరూ అడవిలో ఒక్కో చెట్టు కింద కూర్చోవాలి. తెల్లవారిన దగ్గర నుంచి పొద్దుగూకే దాకా. ఒంటరిగా. మాట లేదు. పుస్తకం లేదు. ఒక నీళ్ళ సీసా, రెండు రొట్టెలు, మెడలో ఒక విజిల్. రెండు గంటలకోసారి టీచరు దూరం నుంచి చూసి వెళ్తుంది.

రెండు గంటలకోసారి.

నర్సుకు రెండు గంటలంటే ఏమిటో తెలుసు. ఫిట్స్‌లో ఐదు నిమిషాలంటే ఏమిటో ఇంకా బాగా తెలుసు.

విజిల్ ఊదడానికి స్పృహ ఉండాలి.

కవరులో రెండు కాగితాలు. ఒకటి ఫారం: పాత వివరాల్లో మార్పు ఉందా, లేదా? రెండోది ఖాళీ కాగితం. ఇంటి నుంచి పిల్లకు ఒక ఉత్తరం రాసి, అంటించి పంపాలి. మధ్యాహ్నం, చెట్టు కింద, పిల్ల దాన్ని తెరుచుకుంటుంది. టీచర్లు చదవరు. మీ ఇంటి మాటల్లో రాయండి, అని కింద ఒక వాక్యం.

ఆదివారం ఫోన్. హాస్టలు ఆఫీసులో పిల్లకు ఐదు నిమిషాలు.

"మమ్మీ, ఫారం భేజా?"

"ఇంకా లేదమ్మా. డ్యూటీలు."

"అరే యార్... సారీ సారీ. లాస్ట్ డేట్ ఫ్రైడే, మమ్మీ! నా చెట్టు నేనే సెలెక్ట్ చేశా. బాంజ్ చెట్టు, ఓక్ టైపు. బహుత్ బడా. మొత్తం నాచు పట్టి ఉంటుంది, గ్రీన్ స్వెట్టర్ లాగా."

"ఒక్కదానివే... భయం లేదూ?"

"నహీ తో. లెపర్డ్ వస్తే విజిల్. ఎలుగు వస్తే విజిల్. జోక్, మమ్మీ జోక్! సాంస్ లో, ఊపిరి పీల్చుకో."

నవ్వు. వెనక ఇంకెవరో పిల్లలు, లైను కోసం తొందర పెడుతూ. తర్వాత గొంతు తగ్గింది.

"ఔర్ మమ్మీ... నేను ఎవరికీ చెప్పలేదు. ఏక్ కో భీ నహీ. పక్కా."

ఆ గొంతులో గర్వం ఉంది. మంచి మార్కులు వచ్చాయని చెప్పే గొంతు.

ఫోను పెట్టేశాక కూడా జ్ఞానకుమారి రిసీవరు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. తాళంచెవుల గుత్తి గుర్తొచ్చింది. పిల్ల గుప్పిట్లో దాన్ని బలవంతంగా పెట్టి మూసిన చేతులు గుర్తొచ్చాయి.

తనూ పెట్టింది. ఏడాది క్రితం. బస్టాండులో.

*

భర్త ఆనందబాబు నోయిడాలో ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఆదివారాలు చర్చిలో పాడతాడు. ఇంట్లో గట్టిగా మాట్లాడడు.

"ఇప్పుడు చెప్తే ఏమవుద్ది?" అన్నాడు.

"చెట్టు కింద కూర్చోనివ్వరండీ. బళ్ళోనే ఉంచరేమో."

"చెప్పకపోతే?"

ఆమె కవరులోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది.

"నాలుగేళ్ళయింది కుమారీ. మందు ఆపింది డాక్టరుగారు. ఆయన కన్నా నువ్వు ఎక్కువ చదివావా ఏంటి?"

"చదవలేదండీ. చూశాను."

అతను కాసేపు గుమ్మం వైపు చూశాడు. అక్కడ బూట్లు లేవు. అవి ఉండే చోటు ఉంది.

"మళ్ళీ జూతా అనిపించుకోడానికి తీసుకొస్తావా దాన్ని? నీ ఇష్టం. నాకైతే చిరుతపులి కన్నా నీ పెన్నంటేనే భయంగా ఉంది."

నవ్వించడానికి అన్నాడు. ఇద్దరూ నవ్వలేదు.

*

బుధవారం సెలవు. భోజనాల బల్ల మీద రెండు కాగితాలు. బయట మెట్రో స్తంభాలు లేస్తున్న మోత.

ముందు ఫారం. మార్పు ఉందా?

మార్పు లేదు. అది నిజమే కదా... అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. మార్పు లేదు. టిక్కు పెట్టి, సంతకం చేసి, పక్కన పెట్టింది.

తర్వాత ఉత్తరం.

ముందు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది. ఆమెకు వచ్చిన ఇంగ్లిష్ చార్టుది. రోగి నిద్రపోయాడు. రోగి తిన్నాడు. ఫిర్యాదులు లేవు. ఆ భాషలో కూతురికి రెండు వాక్యాలు రాసి ఆగిపోయింది. కూతురి మంచానికి కట్టిన చీటీలా ఉన్నాయి అవి.

చింపేసింది.

ఇంకో కాగితం తీసింది. ఇంటి మాటల్లో రాయమన్నారు కదా. ఈసారి చెయ్యి ఆగలేదు. ఒక పేజీ. రెండు. మూడు. బూటు గురించి రాసింది. తాళంచెవుల గురించి రాసింది. పెన్ను గురించి, ఏడో ప్రశ్న గురించి, బస్టాండులో చెవిలో చెప్పిన మాట గురించి రాసింది. చెప్పాలనిపిస్తే చెప్పెయ్యి, అని రాసింది. ఎన్నడూ పైకి అననివన్నీ రాసింది.

చదువుకోలేదు. మడిచింది. అంటించింది. పోస్టాఫీసుకు నడిచి వెళ్ళి స్పీడ్ పోస్టులో వేసింది.

తిరుగు బస్సులో ఒళ్ళు తేలికైంది. జ్వరం దిగినట్టు.

ముందు సీట్లో ఒక చిన్నపిల్ల కిటికీలోంచి కొట్ల బోర్డులు చదువుతోంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ. మి... ఠా... యీ. వాళ్ళ అమ్మ శభాష్ అంది.

జ్ఞానకుమారి ఆ పిల్లను చూసింది.

బోర్డు మీది అక్షరాలను చూసింది.

జెనీఫర్‌కు తెలుగు చదవడం రాదు.

పుట్టిన దగ్గర నుంచి తెలుగులోనే పిలిచింది, తిట్టింది, పాడింది. పిల్ల వింటుంది. హిందీలో జవాబిస్తుంది. కానీ అక్షరం... ఎవరూ నేర్పలేదు. వచ్చే సెలవుల్లో, వచ్చే సెలవుల్లో అనుకుంటూ పదేళ్ళు.

మరిచిపోయిందా?

మూడు పేజీలు రాసినంతసేపూ ఒక్కసారి కూడా గుర్తు రాలేదా?

లేక... గుర్తు రాకుండా ఉంటేనే రాయగలిగిందా?

బస్సు దిగాల్సిన చోటు దాటిపోయింది.

*

గురువారం ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. శుక్రవారం చెయ్యొచ్చు. ఫారం కింద వైశాలి మేడమ్ అనే టీచరు నంబరు ఉంది. దాన్ని చీటీ మీద రాసుకుని, జేబులో పిరూల్ పక్కన పెట్టుకుంది. చెయ్యలేదు.

శనివారం. సోలో రోజు. పొద్దున్న డ్యూటీ.

ఈ పాటికి కూర్చుని ఉంటుంది. ఎనిమిది. ఈ పాటికి టీచరు ఒకసారి వచ్చి వెళ్ళి ఉంటుంది. తొమ్మిది. ఈ పాటికి మళ్ళీ ఒంటరిగా... పది.

పదీ నలభైకి ఓపీ వరండాలో కేక వినిపించింది.

పాతికేళ్ళ మనిషి, వాళ్ళ అన్నతో వచ్చినవాడు, నేల మీద. ఒళ్ళు బిగుసుకుంది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి. అన్న వంగి, వాసన చూపించడానికి తన బూటు విప్పుతున్నాడు.

"జూతా నీచే రఖ్ దో, భయ్యా," అంది జ్ఞానకుమారి, బూటు కింద పెట్టెయ్యమని.

"సిస్టర్, సూంఘానే సే..."

"రఖ్ దో!"

వరండా అంతా ఆమె వైపు తిరిగింది. ఆ గొంతు ఆమెకే కొత్త. మోకాళ్ళ మీద కూర్చుని అతన్ని పక్కకు తిప్పింది. తల కింద మడిచిన టవలు పెట్టింది. గడియారం చూసింది. మనిషి చుట్టూ నిలబడినవాళ్ళను వెనక్కి పంపింది. పట్టుకోలేదు. నోట్లో ఏమీ పెట్టలేదు. ఉంది. అంతే... పక్కన ఉంది.

మూడు నిమిషాలు.

తర్వాత చార్టు తీసి రాసింది. మొదలు పది నలభై. ముగింపు పది నలభై మూడు. పక్కకు తిప్పడమైనది. డాక్టరుకు తెలియజేయడమైనది.

రాసింది. జరిగింది.

పెన్ను అలాగే పట్టుకుని టేబులు మీది ఫోను దగ్గరికి లాక్కుంది. చీటీ తీసింది. పిరూల్ కింద పడింది.

వైశాలి మేడమ్ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. అంతా విన్నాక రెండు ప్రశ్నలు అడిగింది. ఆఖరుసారి ఎప్పుడు? వస్తే ఏం చెయ్యాలి? జ్ఞానకుమారి చెప్పింది. నర్సు చెప్పినట్టే, వరసగా చెప్పింది.

"నేను వెళ్తున్నాను. ఆమెను లేపను. కనపడేంత దూరంలో కూర్చుంటాను," అంది మేడమ్. ఆ తర్వాత, గొంతు మార్చకుండానే అంది: "ఈ సంగతి ప్రిన్సిపాల్‌కు చెప్పాలి. మీకు తెలుసు కదా?"

"తెలుసండీ."

ఫోను పెట్టేసి వంగింది. బల్ల కింద పిరూల్ కోసం వెతికింది. ఎవరో తొక్కారు. మూడు ముక్కలైంది.

*

మే నెలాఖరు. పది రోజుల సెలవులు. ట్రంకు మూడంతస్తులూ ఎక్కి వచ్చింది.

జెనీఫర్ తల్లితో మాట్లాడలేదు. నీళ్ళు తాగింది. ఫ్యాను కింద నిలబడింది. తండ్రి ఏదో అడిగితే "హాఁ" అంది.

జ్ఞానకుమారి గచ్చు మీద కూర్చుని ట్రంకు మూత తెరిచింది.

పొగ వాసన. ఈసారి ఎక్కువ. కింద లోయలో పిరూల్ అంటుకుని అడవి తగలబడిందట — బస్సు దిగేటప్పుడు పిల్లలు చెప్పుకున్నారు.

అన్నిటికన్నా పైన ఒక పొడుగు కవరు. ప్రిన్సిపాల్ నుంచి. లోపల కొత్త ఫారం. పద్నాలుగు ప్రశ్నలు. అన్ని గడులూ ఖాళీ. డాక్టరు కాగితంతో సహా సోమవారంలోగా పంపండి, చూసి నిర్ణయిస్తాం, అని నాలుగు వరుసలు.

"మేమ్ వచ్చి కూర్చుంది," అంది జెనీఫర్ వెనక నుంచి. "అందరికీ టూ అవర్స్‌కి ఒకసారి. నా దగ్గర లంచ్ ముందు నుంచి ఈవెనింగ్ దాకా. రాయి వెనక. రెడ్ శాల్. దిఖ్ రహా థా, కనిపిస్తూనే ఉంది."

జ్ఞానకుమారి స్వెట్టరు దులుపుతోంది.

"వో సోలో నహీ థా, మమ్మీ. నేను ఒన్ ఇయర్ ఎవరికీ చెప్పలేదు. నిద్రలో కూడా భయం, బోల్ న దూఁ, చెప్పేస్తానేమో అని. నువ్వు ఒక్క ఫోన్లో చెప్పేశావ్."

"చెప్పాను."

"క్యోఁ?"

జవాబు ఉంది. నిమిషాలతో సహా ఉంది. అన్న విప్పిన బూటుతో సహా ఉంది. కానీ ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియక చేతిలోని స్వెట్టరును మడిచింది. విప్పింది. మళ్ళీ మడిచింది.

జెనీఫర్ వంగి ట్రంకు అడుగున చెయ్యి పెట్టింది. లెక్కల నోటుబుక్కు తీసింది. అందులోంచి మడతల దగ్గర నలిగిన మూడు పేజీలు.

"లంచ్‌లో తెరిచాను. అందరూ వాళ్ళ లెటర్ చదివి ఏడ్చారట. నేను... జస్ట్ చూస్తూ కూర్చున్నా. ఒక్కటే గుర్తుపట్టాను. ఇది." వేలు పెట్టి చూపింది. టిఫిన్ డబ్బా మీద అమ్మ పెయింటుతో తెలుగులో రాయించిన పేరు — అవే గీతలు. "నా పేరు. లెక్కపెట్టాను. పదకొండు సార్లు ఉంది."

పేజీలు తల్లి ఒళ్ళో పడేసింది.

"పఢో."

గుమ్మం దగ్గరికి వెళ్ళి, వీపు ఇటు పెట్టి కూర్చుంది. బూటు లేసులు విప్పడం మొదలుపెట్టింది.

జ్ఞానకుమారి మడత విప్పింది. అక్షరాలు తనవే. రాసిన రోజు ఎంత తేలిగ్గా వచ్చాయి... ఇప్పుడు ఒక్కోదాన్నీ కూడబలుక్కోవాల్సి వస్తోంది.

"జెనీఫర్..." అని చదివింది. "అమ్మ ఒక కాగితం మీద అబద్ధం రాసింది."

లేసులు విప్పుతున్న చేతులు ఆగాయి.

ఆమె రెండో వరుసకు వచ్చింది. పేజీ కొంచెం వంగింది. మడతలోంచి ఒక పిరూల్ జారి గచ్చు మీద, ఖాళీ ఫారం పక్కన పడింది.

ఒక్క కాడ. మూడు సూదులు.

చీపురు తలుపు వెనకే ఉండిపోయింది.